ఎడమ మర బోల్టు: మిషిగన్‌లో పాత కార్ల వెంట ఐదు రోజులు

మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లు యజమాని దగ్గర ఇరవై రెండేళ్లు కారు నడిపారు. ఆ కారు పేరు డాడ్జి కింగ్స్‌వే. తెల్ల చొక్కా వేసుకుని, ఒక చెయ్యి బానెట్ మీద ఆనించి ఆయన దాని పక్కన నిలబడిన ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. అందులో కారు ముందు భాగం పూర్తిగా పడింది గానీ, వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికే ఫొటో అంచు వచ్చేసింది. యజమాని దాన్ని మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు కనుక అది ఏ సంవత్సరపు బండో నాన్నగారికి కూడా కచ్చితంగా తెలియదు. "యాభై ఒకటో, యాభై రెండో" అనేవారు. ఆదివారం పొద్దున్నే మిల్లు షెడ్డులో దాన్ని కడిగి తుడవటం మా అన్నయ్యకూ నాకూ అప్పగించిన పని.

నేను ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అమ్మాయిని చూడటానికి మిషిగన్ రాష్ట్రంలోని నోవైకి వచ్చినప్పుడు ఆ ఫొటోను ఫోనులో పెట్టుకుని తెచ్చాను. ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద వేల కొద్దీ పాత కార్లు తిరుగుతాయనీ, అంతకు ముందు నాలుగు రోజుల్లో చుట్టుపక్కల మ్యూజియంలు చూపిస్తాననీ అల్లుడు సెలవు పెట్టాడు. పదకొండేళ్ల మనవడు ఒక నోటుపుస్తకం పట్టుకుని మాతో బయలుదేరాడు.

మొదటి రోజు, మంగళవారం: డియర్‌బోర్న్

హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఆవిరి యంత్రాలనూ రైలింజన్లనూ దాటి కార్ల దగ్గరికి చేరేసరికే గంట గడిచింది. అక్కడ ఎక్కువమంది గుమిగూడి మాట్లాడకుండా నిలబడే చోటు ఒకటుంది. అది అధ్యక్షుడు కెనడీ 1963 నవంబరులో డల్లాస్‌లో ప్రయాణించిన లింకన్ కాంటినెంటల్. వెనక తలుపులకు కీళ్లు వెనక వైపు ఉండి, ముందు తలుపులకు ఎదురుగా తెరుచుకోవడం ఆ లింకన్లను పోల్చుకోవడానికి మొదటి గుర్తు. అయితే ఈ కారు మనిషిని కొంచెం తికమక పెడుతుంది. ఇది 1961 మోడల్ అయినా, తరువాత దీనికి 1962 మోడల్ గ్రిల్ అమర్చారు. అంటే కాగితాల్లో ఒక వయసు, ముఖంలో మరొక వయసు. నన్ను ఆశ్చర్యపరిచినది అది కాదు. హత్య జరిగిన తరువాత దీన్ని మూలన పెట్టకుండా, పైకప్పు బిగించి, కవచం తొడిగి, నల్ల రంగు వేసి 1977 దాకా అధ్యక్షుల కోసం వాడారు. మన వైపు అయితే అలాంటి బండిని శుభకార్యానికి కాదు గదా, సంతకు కూడా తీసుకెళ్లనివ్వరు.

అమెరికన్ కార్లకు ప్రతి ఏటా ఒక కొత్త ముఖం ఎందుకు ఉంటుందో అల్లుడు అక్కడ నిలబడి వివరించాడు. జనరల్ మోటార్స్‌ను నడిపిన ఆల్ఫ్రెడ్ స్లోన్ 1920లలోనే ఒక సూత్రం పట్టుకున్నాడట. లోపలి యంత్రం పెద్దగా మారకపోయినా సరే, ఏడాది తిరిగేసరికి బయటి రూపు మారాలి, పొరుగింటి కొత్త కారును చూసి మనిషికి తన కారు పాతబడిందనిపించాలి. ఆ పని కోసమే 1927లో హార్లీ ఎర్ల్ కింద ప్రత్యేకంగా రూపకల్పన విభాగం పెట్టారు. అందుకే ఇక్కడి వాళ్లు ఒక దీపాన్నో, గ్రిల్ మీది ఒక కడ్డీనో చూసి కారు పుట్టిన సంవత్సరం చెప్పేస్తారు. ఐదు దశాబ్దాలకు పైగా దాదాపు ఒకే ఆకారంతో వచ్చిన అంబాసిడర్‌ను చూస్తూ బతికిన నాకు ఆ విద్య అలవడే అవకాశమే రాలేదు.

ఆ హాలులోనే 1948 టకర్ కూడా ఉంది. నమూనా కారుతో కలిపి మొత్తం 51 మాత్రమే తయారైన ఆ బండికి ఇంజన్ వెనక ఉంటుంది. ముందు మధ్యలో ఉన్న మూడో దీపం స్టీరింగ్ తిప్పిన వైపుకే తిరుగుతుంది. దాన్ని మరొక దానిగా పొరబడటం ఎవరి వల్లా కాదు. ఫోర్డ్ వారి మస్టాంగ్‌లలో మొట్టమొదటి సీరియల్ నంబరు కారు కూడా ఇక్కడే ఉంది. కెనడాలో ఒక విమాన చోదకుడికి అమ్ముడుపోయిన దాన్ని, 1966లో పది లక్షలవ మస్టాంగ్ ఇచ్చి ఫోర్డ్ కంపెనీ వెనక్కి తీసుకుందట. నల్లజాతి మహిళ రోసా పార్క్స్ తెల్లవారి కోసం సీటు వదలనని కూర్చున్న 1948 నాటి జనరల్ మోటార్స్ బస్సు దగ్గర మాత్రం నేను అందరికంటే ఎక్కువసేపు ఆగాను. అందులో డ్రైవరు సీటు పక్కన తలుపు తెరిచే ఇనుప చేతిపిడిని చూసి, వృత్తి అలవాటు చొప్పున దాని కీలుకు గ్రీజు ఎక్కడ పెట్టేవారా అని వెతికాను.

బయటికి వచ్చేముందు అక్కడి పెద్దాయన ఒకరిని డాడ్జి కింగ్స్‌వే గురించి అడిగాను. ఆయన ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకుని, అలాంటి డాడ్జిని తాను ఎన్నడూ చూడలేదన్నారు.

రెండో రోజు, బుధవారం: ఇప్సిలాంటి

ఒకప్పుడు హడ్సన్ కార్లు అమ్మిన దుకాణాన్నే మ్యూజియంగా మార్చారు. ఇక్కడ తాళ్లు కట్టి దూరంగా నిలబెట్టే పద్ధతి తక్కువ, గచ్చు మీద నూనె మరకలు ఇంకా కనిపిస్తాయి. నాకు నాలుగు రోజుల్లో అన్నిటికంటే చనువుగా అనిపించిన చోటు ఇదే.

1948 నుంచి 1954 వరకు వచ్చిన హడ్సన్‌ను పోల్చుకోవాలంటే తలుపు తెరిచి చూడాలి. మామూలు కార్లలో ఛాసిస్ మీద నేల ఉంటుంది కనుక కాలు పైకెత్తి ఎక్కుతాం. హడ్సన్‌లో నేలను ఛాసిస్ కడ్డీల మధ్యకు దించారు కనుక గడప దాటి బావిమెట్టు దిగినట్టు లోపలికి దిగాలి. బరువు నేలకు దగ్గరగా ఉండటంతో మలుపుల్లో బండి ఒరగదు. 1951లో వచ్చిన హార్నెట్‌కు ఎనిమిది సిలిండర్లు కూడా లేవు. వాల్వులు పక్కన ఉండే పాత తరహా ఆరు సిలిండర్ల ఇంజనే, కాకపోతే ఐదు లీటర్లది. దానికి రెండు కార్బురేటర్లు తగిలించి పందేలకు దింపితే 1952లో నాస్కార్ అనే అమెరికన్ కార్ల పందేల సంస్థ ప్రధాన పోటీలు 34లో 27 గెలిచింది. ఆ పందేల్లో హెర్బ్ థామస్ నడిపిన 92వ నంబరు కారు ఇక్కడే ఉంది.

అంత గెలిచిన కంపెనీ ఎందుకు నిలబడలేదు? బాడీనీ ఛాసిస్‌నూ ఒకటిగా అతికిన నిర్మాణం కావటంతో ఏటేటా రూపు మార్చటం హడ్సన్‌కు తలకు మించిన ఖర్చు అయింది. నిన్న విన్న స్లోన్ సూత్రం ఎవరిని మింగిందో నాకు ఇక్కడ తెలిసింది. జనరల్ మోటార్స్ ఏడాదికొక చొక్కా మార్చగలదు, హడ్సన్‌కు ఉన్నది ఒకటే చొక్కా. 1954లో నాష్ కంపెనీతో కలిసి అమెరికన్ మోటార్స్‌గా మారింది, 1957తో హడ్సన్ పేరే పోయింది.

ఇక్కడి కార్యకర్త ఒకాయన, తెల్ల మీసాల మనిషి, నా ఫోనులో నాన్నగారి ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశారు. "ఇది డాడ్జి ముఖం తొడుక్కున్న ప్లిమత్" అన్నారు. డాడ్జి, ప్లిమత్ రెండూ తనవే అయిన క్రైస్లర్ కంపెనీ విదేశాలకు పంపేటప్పుడు చిన్నదీ చవకదీ అయిన ప్లిమత్ బాడీకే డాడ్జి గ్రిల్లు, పేరు బిగించి కింగ్స్‌వే అని అమ్మేదట. అమెరికాలో అమ్మిన అసలు డాడ్జి కారోనెట్‌కు చక్రాల మధ్య దూరం 123.5 అంగుళాలు, ప్లిమత్‌కు 118.5. కింగ్స్‌వే ఈ రెండో కొలతది.

నాకు ఆ మాట మింగుడుపడలేదు. బొంబాయిలో కుర్లా దగ్గర ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1947 నుంచి క్రైస్లర్ కార్లను బిగించి అమ్మిన సంగతి నాకు తెలుసు గానీ, మా నాన్నగారు "డాడ్జి డ్రైవరు"గానే ఊళ్లో గుర్తింపు పొందారు. తిరుగు ప్రయాణంలో కిటికీ వైపు చూస్తూ కూర్చున్న నాకు ఒక సంగతి తట్టింది. సామాను కోసం నాన్నగారు మద్రాసు పుదుప్పేట వెళ్లి వచ్చిన ప్రతిసారీ, ప్లిమత్ అని అచ్చువేసిన అట్టపెట్టెలే సంచిలోంచి తీసేవారు. "మన డాడ్జికి ప్లిమత్ సామాను కూడా భేషుగ్గా అతుకుతుందిరా" అని గర్వంగా చెప్పేవారు. అతకదా మరి!

మూడో రోజు, గురువారం: సౌత్ బెండ్

పంద్రాగస్టు నాడు, ఫోనులో జెండా వందనం ఫొటోలు చూసుకుంటూ మూడు గంటలు ప్రయాణం చేసి ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ చేరాము. ఇది స్టూడిబేకర్ల ఊరు. 1852లో గుర్రపు బండ్లు చేయటంతో మొదలుపెట్టిన అన్నదమ్ముల సంస్థ ఇది. అధ్యక్షుడు అబ్రహాం లింకన్ చివరి రాత్రి నాటకశాలకు వెళ్లిన బండి కూడా ఈ మ్యూజియంలోనే ఉంది. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు అంబాసిడర్‌కు ముందు స్టూడిబేకర్లను కూడా బిగించారు కనుక, ఆ పేరు మా చిన్నతనంలో అక్కడక్కడా వినబడేది.

1950, 1951 స్టూడిబేకర్లకు ముక్కు మధ్యలో విమానం కొసలాంటి గుండ్రని ఉబ్బు ఉంటుంది. దాని చుట్టూ ఉన్న మెరుగు వలయం పెద్దదైతే 1950, చిన్నదైతే 1951 అని మనవడు పుస్తకంలో బొమ్మ గీసుకున్నాడు. ఇక్కడొక జాగ్రత్త అవసరం. 1949 ఫోర్డ్‌కు కూడా గ్రిల్ మధ్యలో ఒక గుండు ఉంటుంది, 1951 ఫోర్డ్‌కు రెండు గుండ్లుంటాయి. మావాడు మొదటి గంటలో నాలుగుసార్లు పొరబడ్డాడు, నేను రెండుసార్లు.

యుద్ధం ముగిశాక వచ్చిన స్టార్‌లైట్ కూపేకు వెనక అద్దం నాలుగు ముక్కలుగా ఇటు చెవి నుంచి అటు చెవి దాకా చుట్టుకుని ఉంటుంది. ఈ కారు వస్తోందా పోతోందా అని ఆ రోజుల్లో జనం హాస్యమాడేవారట. నిజానికి అది అందమైన పని. 1953 నాటి స్టార్‌లైనర్ అయితే దాని పక్కన నిలబెట్టిన అదే కాలపు కార్లన్నిటినీ లారీల్లా కనిపించేట్టు చేస్తుంది. కానీ రూపం ఒక్కటే కంపెనీని నిలబెట్టదు. సౌత్ బెండ్‌లో ఉత్పత్తి 1963 డిసెంబరులో ఆగిపోయింది. కెనడాలోని హామిల్టన్‌లో 1966 మార్చిలో బయటికి వచ్చిన ఆఖరి స్టూడిబేకర్, నీలం ఆకుపచ్చ కలిసిన రంగులో ఉన్న క్రూయిజర్, మ్యూజియంలో నిశ్శబ్దంగా ఉంది. ప్యాకార్డ్ కథ కూడా ఇక్కడే ముగుస్తుంది. డెట్రాయిట్‌లో రాజసంగా బతికిన ఆ పేరును 1957, 1958లలో స్టూడిబేకర్ బాడీల మీద అతికించి అమ్మారు. మా కింగ్స్‌వే సంగతి తెలిశాక నేను ఆ కార్లను వెక్కిరించే స్థితిలో లేను.

నాలుగో రోజు, శుక్రవారం: హికరీ కార్నర్స్

గిల్మోర్ మ్యూజియం పొలాల మధ్య తొంభై ఎకరాల్లో, ఎర్రటి కొట్టాల వరసగా ఉంటుంది. ఎన్ని కార్లు చూశామో లెక్క పెట్టటం మధ్యాహ్నానికే మానేశాము. ఇక్కడ మనవడికి గుర్తులు నేర్పటం సులువైంది.

ముందు మడ్‌గార్డు పక్కన వరసగా రంధ్రాలుంటే అది బ్యూక్. 1949లో మొదలైన అలవాటది. నాలుగు రంధ్రాలుంటే పెద్దదైన రోడ్‌మాస్టర్, మూడుంటే చిన్నది, అయితే తరువాతి ఏళ్లలో ఈ లెక్క కొంత కలగాపులగమైంది. ఒక రూపకర్త తన సొంత కారుకు సరదాగా రంధ్రాలు కొట్టి, వాటిలో మిణుకుమిణుకుమనే దీపాలు పెట్టుకుంటే చూసి ముచ్చటపడిన పెద్దలు, దీపాలు వదిలేసి రంధ్రాలు మాత్రం ఉంచారని చెబుతారు. బానెట్ మీద వెండి నామాల్లా గీతలు నిలువునా దిగితే 1956 లోపు పాంటియాక్. వెనక రెక్కలు కాడిలాక్‌తో 1948లో మొదలయ్యాయి. రెండు తోకలున్న పి-38 యుద్ధ విమానం దానికి ప్రేరణ. చిన్న మొలకలా మొదలైనది పదేళ్లు పెరిగి పెరిగి 1959లో తారస్థాయికి చేరింది. ఆ రెక్కల మీద తూటాల్లాంటి జంట ఎర్ర దీపాలు మొలిచాయి. నాకు నచ్చినది 1948 దే, మనవడికి 1959 ది. ఈ విషయంలో రాజీ కుదరలేదు.

ప్లిమత్ కోసం మూడు కొట్టాలు వెతికాను. ఉన్న వాటిలో ముందు అద్దం ఒకే పలకగా వంగి ఉంది. నాన్నగారి కారుకు మధ్యలో కడ్డీతో రెండు పలకల అద్దం ఉండేది. ప్లిమత్‌కు ఒకే పలక అద్దం 1953లో వచ్చింది కనుక మా బండి 1952 లేదా అంతకు ముందుదని మాత్రం తేలింది.

ఐదో రోజు, శనివారం: వుడ్‌వర్డ్ అవెన్యూ

ఫెర్న్‌డేల్ పట్టణంలో సాకర్ మైదానం కోసం విరాళాలు పోగుచేయటానికి 1995లో మొదలైన వేడుక ఇది. ఇప్పుడు ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా రోడ్డుకు ఇరువైపులా జనం మడత కుర్చీలు వేసుకుని, రథోత్సవానికి అరుగుల మీద చోటు పట్టుకున్నట్టు పొద్దున్నుంచే కూర్చుంటారు. దేశంలో మొదటి కాంక్రీటు మైలు రోడ్డు 1909లో వేసినది కూడా ఈ వుడ్‌వర్డ్ మీదనే. మేము రాయల్ ఓక్ దగ్గర ఒక చెట్టు నీడన స్థిరపడ్డాము. చలికాలంలో ఇక్కడ మంచు కరగటానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు ఇనుమును తినేస్తుంది కనుక ఈ బండ్లన్నీ ఏడాదిలో సగం గుడ్డ కప్పుకుని షెడ్డుల్లోనే ఉంటాయి. అందుకే ఈ రోజున రోడ్డెక్కిన ప్రతి బండికీ సెలవుల్లో ఇంటికొచ్చిన పిల్లవాడి హుషారుంటుంది. పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్ రాకముందు కాలపు పొగ కావటంతో, కాలీ కాలని పెట్రోలు వాసన కూడా గాలిలో నిండుగా ఉంది. మా అమ్మాయి ముక్కు మూసుకుంది. నాకు మాత్రం మిల్లు షెడ్డు గుర్తుకొచ్చింది.

ఆ రోజంతా మేము వెనక దీపాలు లెక్కపెట్టాము. షెవర్లే ఇంపాలా అంటే మనవైపు ధనవంతుడికీ, సినిమాలో విలనుకీ ఉండే కారు. దాన్ని దాని అన్నదమ్ములైన బెల్ ఎయిర్, బిస్కేన్‌ల నుంచి విడదీయటానికి తోక చూస్తే చాలు. ఒక్కో పక్కన మూడు గుండ్రని దీపాలుంటే ఇంపాలా, రెండుంటే కాదు. 1958లో మొదలై 1965 దాకా ఈ సూత్రం పనిచేస్తుంది. 1959 ఒక్కటే మినహాయింపు, ఆ ఏడాది షెవర్లే వెనక భాగం గబ్బిలం రెక్కల్లా అడ్డంగా పరుచుకుని, వాటి కింద పిల్లి కళ్లలాంటి దీపాలు పెట్టుకుంది. ఇక 1956, 1957 షెవర్లేల విషయంలో పెట్రోలు ఎక్కడ పోస్తారని అడగాలి. 1956 లో ఎడమ వెనక దీపం వెనక, 1957 లో ఎడమ రెక్క అంచున మెరుగు పట్టీ వెనక మూత దాగి ఉంటుంది. మా పక్కన ఆగిన 1950ల నాటి కాడిలాక్ ఆసామి, ఎడమ దీపం కింద ఉన్న గుండ్రని ఎర్ర బిళ్లను మనవడి వేలితోనే నొక్కించారు. దీపం మొత్తం కొంగ తల ఎత్తినట్టు పైకి లేచింది, కింద పెట్రోలు మూత కనబడింది. వాడు దాన్ని మూసి మళ్లీ తెరిచాడు, ఆ తరువాత ఇంకో నాలుగుసార్లు కూడా.

సాయంత్రం ఆరు దాటాక, ఒక పెట్రోలు బంకు పక్కన, రెండు పలకల ముందు అద్దం ఉన్న బూడిద రంగు కారు కనబడింది. బానెట్ మీద పొట్టేలు తల లేదు, చిన్న ఓడ ఉంది, అంటే ప్లిమత్. గ్రిల్‌ను అరచేత్తో కప్పి తక్కిన భాగం చూశాను. తలుపు పిడి, కిటికీ అంచు, పైకప్పు వంపు, అన్నీ నేను గుడ్డ పెట్టి తుడిచినవే. యజమాని నా కంటే పదేళ్లు పెద్దవారు. అల్లుడు విషయం చెప్పగానే ఆయన డిక్కీలోంచి స్క్రూడ్రైవర్ తీసి, ఎడమ ముందు చక్రం కప్పును పీకేశారు. నాన్నగారు నాకు ఎనిమిదో ఏట నేర్పిన మొదటి పాఠం అక్కడ ఉంది. క్రైస్లర్ బండ్లలో ఎడమ పక్క చక్రాల బోల్టులకు ఎడమ మర, చక్రం తిరుగుడుకు వదులు కాకుండా ఉండాలని. తెలియనివాడు మామూలుగా విప్పబోయి ఇంకా బిగించి, చివరికి బోల్టు తల తెంచేవాడు. అలా పానాకు పైపు తొడిగి మరీ తెంచిన క్లీనర్ల కథలు మా ఇంట్లో భోజనాల దగ్గర నడిచేవి. వంగి చూస్తే ప్రతి బోల్టు తల మీదా ఎల్ అనే అక్షరం కొట్టి ఉంది. ఈ గుర్తు డాడ్జికీ ప్లిమత్‌కూ తేడా చెప్పదని నాకు తెలుసు, అది ఆ కుటుంబమంతటిదీ. అయినా ఐదు బోల్టుల మీదా వేలు పెట్టి చూశాను.

ఆయన ఇంజన్ స్టార్ట్ చేశారు. ఆరు వోల్టుల బ్యాటరీ కనుక సెల్ఫ్ ఒక్కసారిగా తిరగదు, బద్ధకంగా రెండు మూడు మూలుగులు మూలిగి, ఇక అందుకోదేమో అనుకునే సమయానికి అందుకుంటుంది. పెట్రోలు ధరలు పెరిగాక మా యజమాని ఆ ఇంజన్ తీయించి పెర్కిన్స్ డీజిల్ ఇంజన్ పెట్టించారు కనుక, ఆ మూలుగు విని యాభై ఏళ్లకు పైగా అయింది.

ఏ సంవత్సరమో తేల్చమని ఫొటో చూపించాను. 1951, 1952 ప్లిమత్‌లు ఇంచుమించు ఒకటేననీ, ముందు వైపు గుర్తులుంటాయి గానీ మా కారుకు అక్కడ డాడ్జి సామాను ఉంది కనుక అవి పనికిరావనీ, వెనక డిక్కీ మూత మీద పేరు బిగించిన తీరు చూస్తేనే తెలియవచ్చనీ ఆయన అన్నారు. అక్షరాలు విడిగా ఉన్నాయా, డిక్కీ పిడి ఉన్న ముక్కలోనే కలిసిపోయి ఉన్నాయా అని అడిగారు. ఫొటో వెనక తలుపు దగ్గరే ఆగిపోయింది.

ఎనిమిదిన్నరకు, అక్కడ ఆదివారం పొద్దున ఆరు గంటలకు, తాడేపల్లిగూడెంలో అన్నయ్యకు ఫోన్ చేసి, మన డాడ్జి డిక్కీ మీద అక్షరాలు ఎలా ఉండేవో గుర్తుందా అని అడిగాను. వుడ్‌వర్డ్ మీది రొదలో ఆయన మాట సగమే వినబడింది, మళ్లీ చెప్పించుకున్నాను.

"నన్నడుగుతావేంట్రా? ముందు భాగం నాకూ, వెనక భాగం నీకూ అని నాన్నగారే కదా పంచింది. వెనక తుడిచింది నువ్వే."